వాలు దొరికితేనే ఆగే బండి

ఇప్పటి బళ్ళు తాళం తిప్పగానే స్టార్టయిపోతున్నాయి. నాకదేమీ మర్యాదగా అనిపించదు. ఎంత యంత్రమైనా కాస్త బతిమాలించుకోవాలి, కాస్త విసుక్కోవాలి, పొగ మొహాన కొట్టి "పొద్దున్నే తయారయ్యావా నా ప్రాణానికి" అన్నట్టు దగ్గాలి. మొన్న మా పక్కింటాయన కొత్త వ్యాను తోలి చూడమన్నాడు. ఇంజను నడుస్తోందో లేదో తెలియక నేను మళ్ళీ తాళం తిప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బండి నడుస్తున్న సంగతి బండిలో కూర్చున్నవాడికే తెలియకపోతే అదేం బండి, అదేం నడక!

తొంభైల్లో నేను కడియంలో ఒక నర్సరీ రైతు దగ్గర లారీ తోలేవాణ్ణి. కొబ్బరి మొక్కలూ, మామిడి అంట్లూ, గులాబీలూ, క్రోటన్లూ ఎక్కించుకుని గోదావరికి అటూ ఇటూ తిరిగేవాళ్ళం. ఆ లారీ ఎన్ని చేతులు మారి మా యజమాని దగ్గరకొచ్చిందో ఎవరికీ తెలియదు. తలుపులు తాడుతో కట్టుకునేవాళ్ళం. ఇంజను మాత్రం బంగారం. ఆ మాట ఇప్పటికీ అంటాను, ఎవరు కాదన్నా ఊరుకోను. బండిని స్టార్టు చేసే సెల్ఫు మోటారు కాలిపోవడం దాని తప్పు కాదు. బ్యాటరీ లేకపోవడం అసలే దాని తప్పు కాదు. బ్యాటరీ మా యజమాని ఇంట్లో టీవీకి ఉద్యోగం చేసేది. కరెంటు పోయినా ఆయనగారి ఇల్లాలి సీరియల్ ఆగకూడదు.

"బండిదేవుందిరా, తోస్తే నడుస్తుంది. టీవీని తోస్తే నడుస్తుందా?" అనేవాడాయన.

నేను వెళ్ళి నలుగుర్నీ పోగేసుకుని బండి తోయించుకునేవాణ్ణి.

డీజిలు ఇంజనుకి బ్యాటరీతో పెద్ద పనేమీ లేదు. బండిని వాలులో నిలబెట్టాలి. చక్రం కింద రాయి తీసేసి, బండి దొర్లుతుండగా గేరు వేసి క్లచ్చి వదలాలి. గుడగుడమని లేస్తుంది. చిక్కల్లా వాలుతోనే. మా డెల్టాలో వాలు ఎక్కడుంది? నీళ్ళకే ఎటు పోవాలో తెలియక కాలువలు తవ్వి దారి చూపించాల్సిన నేల అది. అందుకని నా బతుకంతా వాలు వెతుక్కోవడంతో సరిపోయింది. వంతెన దిగే చోట్లూ, కాలువ గట్లూ, లాకుల దగ్గర రోడ్డూ, అన్నీ నాకు కంఠోపాఠం. ఒక వంతెన వాలులో ఒక టీకొట్టు ఉండేది. అక్కడ టీ పరమ దరిద్రంగా ఉండేది. అయినా ఏళ్ళ తరబడి అక్కడే తాగాను. కొట్టువాడు అది తన టీ గొప్పతనమనుకుని, నన్ను చూపించి మిగతావాళ్ళకి చెప్పుకునేవాడు. కోరుకొండ వెళ్ళినప్పుడల్లా నేను స్వామికి దండం పెట్టి, ఆ తర్వాత కొండకి విడిగా ఇంకో దండం పెట్టేవాణ్ణి.

వాలు దొరకని చోట ఇంజను ఆపేవాణ్ణి కాదు. అంతే. సామర్లకోటలో స్నానం చేసి, గుళ్ళో దర్శనం చేసుకుని, ప్రసాదం తిని వచ్చేదాకా అది అలా గుడగుడలాడుతూ నాకోసం కనిపెట్టుకుని ఉండేది. మా ఇంటి ముందు కూడా ఆపేవాణ్ణి కాదు. బండి మెల్లగా పోతుంటే మా పెద్దమ్మ పక్కన నడుస్తూ అన్నం క్యారియరు కిటికీలోంచి అందించేది. నన్ను పెంచింది ఆవిడే. ఆ వయసులో ఆవిడ అంత వేగంగా నడవగలిగేదంటే ఆ పుణ్యం మా ఇంజనుదే.

ఇంజను కేబిన్లోనే, నా పక్కనే, రేకు మూత కింద ఉండేది. ఆ మూత మీద క్యారియరు పెడితే మధ్యాహ్నానికి అన్నం పొగలు కక్కేది. తడి తువ్వాలు ఆరిపోయేది. రావులపాలెంలో పచ్చి అరటిగెల కొని పక్కన పెడితే ఇంటికొచ్చేసరికి మగ్గడం మొదలెట్టేది. చలికాలంలో పిండి పులవడంలేదని మా యజమాని ఇల్లాలు ఒకసారి ఇడ్లీపిండి గిన్నె ఇచ్చి పంపింది. దారిలోనే అది పొంగి, మూత తోసుకుని, గేరు రాడ్డు మీదికి వచ్చేసింది. ఆ రోజంతా నేను ఏ గేరులో ఉన్నానో నాకే తెలియలేదు. ఇడ్లీలు మాత్రం దూదిలా వచ్చాయట.

ఇలాంటివాడికి పిల్లనెవరిస్తారు? "గోదాట్లోనైనా తోస్తాం గానీ లారీ డ్రైవరుకి ఇవ్వం" అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. నాకు ముప్పై దాటుతున్నాయి. పెద్దమ్మ మొక్కని దేవుడు లేడు. చివరికి భీమవరం అవతల ఒక పల్లెనుంచి కబురొచ్చింది. పిల్లని చూసుకోడానికి రమ్మన్నారు. "ఇదీ తప్పిపోతే ఇంక నావల్ల కాదురా అబ్బాయ్, నువ్వూ నీ ఇంజనూ కాపరం చేసుకోండి" అంది పెద్దమ్మ. ఆవిడ నవ్వుతూనే అంది గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు పెళ్ళి కావాలి. నిజంగా కావాలి. ఎవరైనా నాకోసం ఎదురుచూస్తే బాగుండునని ప్రతి వంతెన మీదా అనిపించేది.

మా యజమాని పెద్దమనిషిగా వస్తానన్నాడు. అయితే అటువైపే ఒక మిల్లు యజమాని కొత్తింటికి మొక్కలు దింపాల్సి ఉంది. "ఒకే డీజిలుతో రెండు శుభకార్యాలు" అన్నాడు. అలా నేనూ, ఆయనా, పెద్దమ్మా ఒకే కేబిన్లో ఇంజను చుట్టూ కూర్చుని పెళ్ళిచూపులకి బయలుదేరాం. చేరేసరికి ముగ్గురం ఉడికిపోయాం. నేను వేసుకున్న తెల్లచొక్కా ఒక పక్క తెల్లగానే ఉంది.

దారి పొడుగునా పెద్దమ్మ ఒకటే పాఠం. "కాఫీ తాగు, ఫలహారం తిను. అన్నం మెతుకు మాత్రం ముట్టకు. మనం ఆ ఇంట్లో భోంచేస్తే సంబంధం ఖాయమైనట్టే. ఇంటికెళ్ళి ఆలోచించుకుని కబురు పంపాలి. అది పద్ధతి."

ఆ ఊరు చూడగానే నాకు గుండె జారిపోయింది. పీటలా చదునుగా ఉంది. పైగా ముందురోజు వాన కురిసింది, వీధంతా బురద. సరే, ఆపితే కదా! పిల్లవారి గుమ్మం ముందే బండి పెట్టి, ఇంజను నడుస్తుండగానే దిగి లోపలికెళ్ళాం.

వసారాలో కుర్చీలు వేశారు. లారీ అక్కడికి రెండు బారల దూరం. కాఫీ గ్లాసులు పళ్ళెంలో వాటంతటవే నడుస్తున్నాయి. గోడమీద కేలండరు ఊగుతోంది. పిల్ల వచ్చి తలొంచుకుని కూర్చుంది. ఆమె గాజులు కూడా ఆమె కదపకుండానే గలగలమంటున్నాయి. ఆమె తండ్రి పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఏదో అడిగాడు. ఎవరికీ వినపడలేదు. పాపం గొంతు పెంచాడు.

"ఏం చదువుకున్నారండీ?"

"పదో తరగతండీ!" అని నేనూ అరిచాను.

"పాసా, ఫెయిలా?" ఇది వీధి అవతల అరుగు మీద కూర్చున్న ఒక ముసలావిడ కేక.

"ఫెయిలండీ!"

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నిజమే. కానీ అబద్ధం మెల్లగానే చెప్పగలం, కేకేసి చెప్పలేం. ఆ పూట ఆ ఇంజను నా చేత సత్యహరిశ్చంద్రుడి వేషం వేయించింది. ఆస్తేమీ లేదని అరిచాను. ఇల్లు పెంకుటిల్లని అరిచాను. అందులో ఒక గది కారుతుందని కూడా అరిచాను. వీధిలో జనం పోగయ్యారు. పిల్ల తలొంచుకునే ఉంది గానీ భుజాలు కదులుతున్నాయి. అది నవ్వో, ఇంజను అదురో నాకు అర్థం కాలేదు.

ఇంతలో పిల్ల మేనమామ లేచి బయటికెళ్ళాడు. ఆయనకి పొలంలో ఆయిలింజను ఉంది. అందుచేత లోకంలో ఉన్న ఇంజన్లన్నీ తనకి తెలుసని ఆయన నమ్మకం. ఆయనెందుకు వెళ్ళాడో నేను పట్టించుకోలేదు. అప్పుడే పిల్ల తండ్రి, "తాగుడూ గీగుడూ ఏమన్నా ఉందాండీ?" అని అడిగాడు. నేను గుండెల నిండా గాలి పీల్చుకుని అరుస్తున్నాను.

"కల్లేనండీ! అదీ ఎండాకాలంలోనే!"

ఆ మాట సగంలో ఉండగా ఇంజను ఆగిపోయింది. మిగతా సగం ఊరంతా వినపడింది.

మేనమామ చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "స్టాపరు లాగేశానండి. డీజిలు ఊరికే తగలడిపోతోంది పాపం. మేమేవన్నా పరాయివాళ్ళవాండీ, మొహమాటపడతారు?"

మా యజమాని కుర్చీలో అలా వెనక్కి వాలిపోయాడు. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను లేచి నిలబడి సంగతంతా చెప్పాను. చెప్తుంటే ఆ మేనమామ మొహం చూడాలి! అంత మర్యాదస్తుణ్ణి తిట్టడానికి కూడా లేదు. కడుపులో మాత్రం నానా తిట్లూ తిట్టుకున్నాను.

ఊరు ఊరంతా తోయడానికి వచ్చింది. మా గోదారోళ్ళ సంగతి తెలిసిందేగా, తోసేవాళ్ళు పదిమందైతే చెప్పేవాళ్ళు పాతికమంది. "కొంచెం కుడికండీ!" "గేరెయ్యండి!" "ఇప్పుడు కాదండీ బాబూ!" బురదలో బండికి వేగం అందలేదు. క్లచ్చి వదిలిన ప్రతిసారీ గుటుక్కుమని నిలబడిపోయి, ఇంకాస్త దిగబడింది. తోసి తోసి అలిసిపోయినవాళ్ళు, "అయితే సంబంధం కుదిరినట్టేనాండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మళ్ళీ తోసేవాళ్ళు.

మధ్యాహ్నమైంది. లోపల్నుంచి నాటుకోడి పులుసు వాసన. గారెలు కూడా వేస్తున్నారు. పిల్ల తండ్రి చేతులు జోడించి భోజనానికి లేవమన్నాడు. పెద్దమ్మ కదల్లేదు. "ఆకలి లేదండి" అంది. అది అబద్ధమని ఆవిడ కడుపే చెప్పింది, ఇప్పుడు ఇంజను చప్పుడు కూడా లేదు కదా. మా యజమాని మాత్రం, "నేను పెళ్ళికొడుకుని కాదుగా" అని వెళ్ళి కూర్చుని శుభ్రంగా తినేశాడు. ఆయన తింటే సంబంధం ఖాయమైనట్టా, కానట్టా అని అరుగు మీద పెద్ద వాదన నడిచింది. సగం ఖాయమైనట్టు తేల్చారు.

ఊళ్ళో ట్రాక్టరు లేకపోలేదు. ఉంది. సరిగ్గా ఎదురింట్లో ఉంది. ఆ ఇంటాయనకీ, పిల్ల తండ్రికీ పొలంలోకి నీళ్ళొచ్చే బోదె దగ్గర తగాదా వచ్చి మాటల్లేవట. ఎవరో ట్రాక్టరు మాటెత్తగానే నెమ్మదస్తుడు కాస్తా నిప్పు తొక్కినట్టు లేచాడు. "వాడి గుమ్మం తొక్కనండి! నా ఇంటి ముందు బండి పదేళ్ళు ఉన్నా సరే, వేళ్ళు పాతుకున్నా సరే!" అన్నాడు. ఎదురింటాయన తన అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ చుట్ట కాల్చుకుంటున్నాడు.

ఎండకి లారీలో మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి. నేను కేబిన్ తలుపు దగ్గర నిలబడి ఏమీ తోచక లోపలి ఇంజను మూత తుడుస్తున్నాను. అప్పుడు పిల్ల బిందె తీసుకుని బయటికొచ్చింది. ఎవరినీ అడగలేదు. చీర కొంగు దోపుకుని లారీ మీదికెక్కి మొక్కమొక్కకీ నీళ్ళు పోయడం మొదలెట్టింది. నాకు ఆమె నచ్చేసింది. దాచుకోవడమెందుకు, ఆ క్షణానే నచ్చేసింది. పెద్దమ్మ చెప్పిన ఆలోచించుకోవడాలూ కబురు పంపడాలూ అన్నీ ఎటో పోయాయి.

"ఆపితే ఇంక కదలదాండీ ఇది?" అంది, పైనుంచే.

"వాలుండాలండి."

"మీ ఇంటి దగ్గర వాలుందాండీ?"

"లేదండి."

"మరి ఇంటికెలా వస్తారు?"

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దమ్మ నడుస్తూ క్యారియరు అందించే సంగతి కాస్త గొప్పగానే చెప్పాను. ఆమె బిందె వంచుతున్నదల్లా ఆగింది.

"మా వీధి చివర ఒకావిడుంది. ఆవిడాయనా లారీయేనండి. వస్తాడు, హారను కొడతాడు, ఆవిడ పరిగెత్తుకొచ్చి అన్నం డబ్బా ఇస్తుంది, వెళ్ళిపోతాడు. మొన్న వాళ్ళ పిల్లకి అన్నప్రాసన చేశారు. అప్పుడూ హారనే కొట్టాడు," అంది.

ఖాళీ బిందె పట్టుకుని దిగి లోపలికెళ్ళిపోయింది. క్యారియరు సంగతి చెప్పకుండా ఉండాల్సిందని నాకప్పటికి తెలిసొచ్చింది. ఈ సంబంధమూ పోయింది. ఇంజనుకేసి చూశాను. జీవితంలో మొదటిసారి దానిమీద కోపమొచ్చింది.

కాసేపటికి వీధిలో కలకలం. చూస్తే పిల్ల తిన్నగా ఎదురింటి మెట్లెక్కుతోంది. ఊరంతా నోళ్ళు తెరిచింది. తండ్రి, "ఏవమ్మా! ఆగమ్మా!" అంటున్నా ఆగలేదు.

"బాబాయ్, ట్రాక్టరు ఓసారి తీసుకురా. పాపం వాళ్ళిద్దరూ పొద్దుట్నుంచి తిండి లేకుండా ఉన్నారు," అంది ఎదురింటాయనతో.

ఆయన చుట్ట పడేసి లేచాడు. ఎన్నాళ్ళనుంచి ఆ పిలుపు కోసం కూర్చున్నాడో గానీ, కండువా తలకి చుట్టుకుని పెళ్ళి ఊరేగింపుకి బయలుదేరినట్టు బయలుదేరాడు. తండ్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అరుగు మీదివాళ్ళు మాత్రం తీర్పు చెప్పేశారు: "ఆ పెళ్ళికొడుకుని వదిలించుకోడానికి పిల్ల శత్రువు గుమ్మం తొక్కింది." నాకూ అలాగే అనిపించింది. అంతకంటే వేరే అర్థం ఏముంటుంది?

తాడు కట్టారు. మేం ముగ్గురం ఎక్కి కూర్చున్నాం. ట్రాక్టరు లాగింది, చక్రాలు బురదలోంచి లేచాయి, క్లచ్చి వదిలాను. గుడగుడగుడ! ఎంత కమ్మగా లేచిందనుకున్నారు! వెనక అంతా నల్లటి పొగ. ఊరంతా ఈలలు. "పోనివ్వండి! పోనివ్వండి! ఆపకండి!" అని అరుస్తున్నారు. తాడు విప్పేశారు. నేను ఒక కాలు బ్రేకు మీద, ఇంకో కాలు క్లచ్చి మీద పెట్టి, ఇంజను ఎక్కడ ఆగిపోతుందోనని చేత్తో థ్రాటిలు లాగిపట్టుకుని కూర్చున్నాను.

పొగలోంచి ఆమె వచ్చింది. తిన్నగా నా కిటికీ దగ్గరకి. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గి, ఏదో అంది.

వినపడలేదు. "ఆఁ?" అన్నాను.

మళ్ళీ అంది. పెదవులు కదులుతున్నాయి, అంతే. ఆమె కళ్ళు మాత్రం నా మొహం మీదే ఉన్నాయి. ఏదో అడుగుతోందని అర్థమైంది. ఏమిటన్నది తెలియలేదు.

"పోనియ్యరా! మొక్కలు చచ్చిపోతాయి!" అని మా యజమాని చెవి దగ్గర అరుస్తున్నాడు. "పద నాయనా, ఏదైతేనేం, రేపు కబురు పంపుదాం," అని పెద్దమ్మ. ముందు ఎవరూ లేని రోడ్డు. ఆమె మూడోసారి అంది. ఇంక అననన్నట్టు పెదవులు మూసేసుకుంది.

నేను స్టాపరు లాగేశాను.

ఇంజను ఆగింది. ఊరంతా "అయ్యో!" అంది. ట్రాక్టరాయన తాడు చుట్టడం ఆపి నోరు తెరిచాడు. మా యజమాని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నేను అప్పటిదాకా నా అంతట నేనుగా దాన్ని చదును నేలమీద ఆపలేదు.

"ఏమన్నారండీ?" అని అడిగాను.

ఆమె కొంగు దించింది. మొహాన మసి.

"నేను పిలిస్తే ఆగుతారా అని అడిగానండి," అంది.

ఆమె జవాబు కోసం చూడలేదు. బురదలో మళ్ళీ దిగబడుతున్న చక్రంకేసి చూసి, తల తిప్పుకుని నవ్వింది. గోడవైపు తిరిగి ఉన్న ఆమె తండ్రి ఇటు తిరిగాడు. గొంతు సవరించుకుని, ట్రాక్టరాయనతో, "మళ్ళీ లాగాలిగా. ఎండలో ఎంతసేపు నిలబడతావ్, రా, లోపలికి రా," అన్నాడు.

పెద్దమ్మ తలుపుకి కట్టిన తాడు విప్పుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, మెల్లగా కేబిన్ దిగింది.

"చెయ్యి కడుక్కోడానికి నీళ్ళివ్వమ్మా," అంది ఆ పిల్లతో.